జానెడు పల్లం

మా వరి కయ్యలకు నీళ్ళు మద్రాసు రోడ్డు దాటి రావాలి. చెరువు రోడ్డుకు పడమర, మా ఎకరన్నర తూర్పున, పులికాట్ దిక్కున. కాలవా రోడ్డూ దాదాపు ఒకే ఎత్తులో ఉండేవి. అందుకని నేను కాపరానికి వచ్చిన కొత్తలో అక్కడ చప్టా ఉండేది. కాలవ రోడ్డు మీదుగానే పారేది. నాయుడుపేట బస్సు అక్కడికి వచ్చి నిదానించి, నీళ్ళలోకి దిగి, అటూ ఇటూ చిమ్ముకుంటూ పోయేది. మేం గట్టు మీద నిలబడి నవ్వుకునేవాళ్ళం.

తర్వాత రోడ్డు ఎత్తు చేసినారు. చప్టా పోయింది, దాంతోపాటు నీళ్ళూ పోయాయి. ఆ ఏడు తూర్పు వైపు నాట్లు పడలేదు. మా ఆయన పడవెక్కి శ్రీహరికోటకు సరుగుడు చెట్లు కొట్టే పనికి పోయినాడు. ఇంట్లో నేనూ అత్తా మిగిలాం.

మరుసటి ఎండాకాలం రోడ్డు పక్కన గొయ్యి తవ్వడం మొదలైంది. కాలవను రోడ్డు కిందకు దించి, సిమెంటు గొట్టాల్లో నడిపి, అవతల, మా కయ్యల వైపు, మళ్ళీ పైకి తెస్తారని చెప్పినారు. కాగితాల్లో దాన్ని సైఫను అన్నారు. మేం దిగుడుతూము అన్నాం. అత్తా నేనూ అక్కడే మట్టి మోసే పనికి కుదిరాం.

పని చూసే ఓవర్సీరు గారు మా వైపు మనిషి కాదు. గోదావరి ప్రాంతం. ఏ మాటకైనా చివర 'అండీ' తగిలించేవారు. ఆయన కాగితం మీద గీసిన బొమ్మను మేస్త్రికి చూపిస్తుంటే నేను తట్ట దించి తొంగి చూశాను. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. ఆ రోజు ఆ బొమ్మలో ఉన్న రాతలేవీ తెలియలేదు గానీ గీత మాత్రం తెలిసింది. రెండు కొసలా కట్టి మధ్యలో వదిలేసిన ఊయల తాడులా ఉంది.

అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"అయ్యా, నీళ్ళు పల్లానికి పోతాయి గానీ మెట్లెక్కుతాయా?"

"ఎక్కుతాయండి, మామ్మగారూ."

"ఈయన నన్ను మామ్మంటాడేందమ్మే?" అంది నాతో, ఆయనకు వినపడేట్టుగానే.

ఓవర్సీరు గారు నవ్వి, మేస్త్రి దగ్గర మట్టం చూసే రబ్బరు గొట్టం తెప్పించినారు. దాన్నిండా నీళ్ళు పోయించి, ఒక కొస అత్త చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకున్నారు. గొట్టం మధ్యలో నేల దాకా వంగింది. రెండు కొసల్లోనూ నీళ్ళు సమానంగా నిలబడినాయి.

"ఇప్పుడు మీ కొస జానెడు దించండి."

అత్త దించింది. నీళ్ళు గొట్టంలోంచి వచ్చి ఆమె పాదాల మీద పడినాయి.

"మళ్ళీ ఎత్తండి."

ఎత్తింది. ఆగిపోయాయి.

"అంతేనండి. అవతల నోరు ఇవతల నోటికన్నా జానెడు పల్లంలో పెడుతున్నాం. ఆ జానెడే మీ నీళ్ళు."

అత్త గొట్టాన్ని ఇంకో రెండుసార్లు దించి ఎత్తి చూసుకుని మేస్త్రికి ఇచ్చేసింది. కానీ ఊరుకోలేదు.

"కాలవ అంత వెడల్పుంటే బొక్క ఇంతేనా? పెద్దది పెట్టగూడదా?"

"పెద్దది పెడితే నీళ్ళు నిదానిస్తాయండి. నిదానిస్తే మోసుకొచ్చే ఇసక గొట్టంలోనే కూర్చుంటుంది. ఇరుకులో అయితే పరిగెత్తి, ఇసకను తమతోనే తీసుకుపోతాయి."

ఇంత ఓపిగ్గా మాతో మాట్లాడిన సర్కారు మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ఆ ఏడు అందరం ధైర్యం చేసి మొలగొలుకుల వరికి నారు పోశాం. బావిలోంచి కుండలతో తోడి పోసి నారును బతికించాం. తూము పని సాగి సాగి, అది పూర్తయ్యేటప్పటికి నారు ముదరడానికి వచ్చింది. ఇంకో నాలుగు రోజులు దాటితే పశువులకు వెయ్యాల్సిందే. ఆ నారు పోతే మాకు రెండో ఏడూ పంట లేనట్టే. మా ఆయన ఇంకో ఏడు ఆ దీవిలోనే ఉండాలి.

నీళ్ళు వదిలే రోజు మా పేటంతా అవతలి నోటి దగ్గర చేరాం. మేమంతా క్రైస్తవులం. పాస్టరు గారు వేరే ఊళ్ళో ఉన్నారు. అందుకని అత్తే ప్రార్థన చేసింది. "ప్రభువా, ఎట్టా ఎక్కిస్తావో నాకు తెలవదు, ఎక్కించు." అంతే.

ముందు గొట్టం గుడగుడమంది. గాలి తన్నింది. గడ్డీ గాదం వచ్చాయి, వాటి మీద కూర్చుని ఒక కప్ప వచ్చింది. దాని వెనకాలే ఎర్రటి నీళ్ళు పైకి ఉబికినాయి. పిల్లల కేకలకు రోడ్డు మీద లారీ ఆగి చూసిపోయింది.

మా పేటలో ఒక అలవాటుంది. ఏ తూముకు కొత్త నీళ్ళు వచ్చినా, దాని నోటికి కాస్త ఎడంగా తాటిమొద్దు అడ్డం వేసి, సందుల్లో జంబుగడ్డీ బురదా కూరి మడుగు కడతారు. ఆడవాళ్ళు మడుగులో బట్టలు ఉతుకుతారు. మగవాళ్ళు మొద్దు మీంచి పొర్లే నీళ్ళ కింద బుట్టలు పెట్టి చేపలు పడతారు. ఆ సాయంత్రం అత్త దగ్గరుండి పెద్ద మొద్దు వేయించింది. నీళ్ళు మెట్లెక్కవని అన్న మనిషే, ఎక్కిన సంతోషం పట్టలేక, అందరికన్నా ఎక్కువ బురద మెత్తింది.

తెల్లారి చూస్తే మా కయ్యకు దారంలా వస్తున్నాయి నీళ్ళు. నాటు వెయ్యడానికి కాదు గదా, మట్టి తడవడానికి కూడా చాలవు. రోడ్డుకు ఇవతల, చెరువు వైపునేమో కాలవ గట్ల దాకా ఉబ్బింది. పడమటి రైతులు ఓవర్సీరు గారిని చుట్టుకున్నారు.

"నీళ్ళు రోడ్డు కింద పోవని చెప్తే విన్నావా? గట్టు తెగితే మా కయ్యలు మునుగుతాయి. తూము తలుపు దించెయ్!"

తలుపు దించితే మా నారు పోయినట్టే. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఆయన ముందు ఇవతలి నోటికున్న ఇనప కమ్మీల్లో చెయ్యి పెట్టి చూసినారు. చెత్తేమీ లేదు. "కాసేపు ఆగండి" అని రోడ్డు దాటినారు. వెనకాలే నేను. అవతల అత్త మోకాటి లోతు మడుగులో నిలబడి దుప్పటి ఉతుకుతోంది.

ఆయన గట్టు మీద కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను.

"మామ్మగారూ," అన్నారు, "గొట్టం కొస ఎత్తేశారండీ."

అత్త చేతిలో దుప్పటి ఆగింది. మొద్దు వంక చూసింది. మొద్దు మందం జానెడు. ఒక్కసారిగా కేక పెట్టింది.

"తియ్యండ్రా బుట్టలు! పట్టండి మొద్దు!"

"చేపలిప్పుడే పడతన్నాయి గదవ్వా, మధ్యాన్నం దాకా ఉండనీ," అన్నాడు ఒకాయన.

"కూరుంటే సరా, కలుపుకోను అన్నమొద్దంట్రా?"

తానే ముందు దిగి మొద్దు కింద చెయ్యి పెట్టింది. మొద్దు కదిలేసరికి మడుగు ఒక్క ఊపున దిగిపోయింది. గొట్టం నోరు మరిగినట్టు తెరలింది. ముందు నల్లటి ఇసక వచ్చింది, ఒక్క రాత్రిలో లోపల చేరిన ఇసక. ఓవర్సీరు గారు దోసిట్లోకి కాస్త తీసుకుని చూసి వదిలేసినారు. తర్వాత నీళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చాయి.

ఇవతలకు వచ్చేసరికి కాలవ దిగుతోంది.

"ఏమైంది?" అని అడిగినారు పడమటి వాళ్ళు.

"ఏదో అడ్డం పడిందండి. తీయించాం."

అంతే చెప్పినారు. మా పేట పేరెత్తలేదు. ఎత్తి ఉంటే, తర్వాత ఎప్పుడు నీళ్ళు తగ్గినా ఆ మాట మా మీదే పడేది. పొలాల్లో కనపడినా రోడ్డు మీద ఎదురైనా అదే దెప్పేవాళ్ళు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. చూసి తెలుసుకున్నారు.

పని ముగించి పోయే ముందు ఇంకో మంచి పని చేసినారు. కిందికి కాస్త దూరంలో, పారే నీళ్ళకు అడ్డం రాకుండా, గట్టులోకి తవ్వించి, మిగిలిన రాళ్ళతో నాలుగు బట్టల బండలు వేయించినారు. అడిగిన వాళ్ళు లేరు. మొద్దు తీసిన రోజు తడిబట్టల మూటలు చంకనెత్తుకుని ఎటుపోవాలో తెలియక నిలబడిన మమ్మల్ని చూసినారు, అందుకని. ఆయన ఏ ఊరికి మారిపోయినారో మాకు తెలియలేదు. ఆ బండల మీద నేను నా బిడ్డల బట్టలన్నీ ఉతికాను.

నాటు పడింది. చేను పొట్టకొచ్చే వేళకు మా ఆయన పడవ దిగి ఇంటికొచ్చినాడు. ముందు పొలం వైపే పోయి, గట్టు మీద చాలాసేపు నిలబడి తిరిగొచ్చినాడు.

"నీళ్ళు యాడనుంచి వచ్చినాయిమా?" అని వాళ్ళమ్మను అడిగినాడు.

అత్త చెంబుతో నీళ్ళు అందిస్తూ, "రోడ్డు కింద మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చినాయిరా," అంది. "నువ్వు కాళ్ళు కడుక్కో."