నవ్వు పక్కన ఎవరిని పెట్టాలి

ప్రొద్దుటూరులో మిక్సింగ్ పని చేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను. కెమెరావాళ్లు పెళ్లి వీడియోలు తెచ్చి పడేస్తారు, నేను కోసి, అతికించి, పాటలు పెట్టి ఇస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. మెడ పట్టేసింది, కళ్లద్దాలు మందమయ్యాయి, పెళ్లి అనే మాట వింటేనే ఆవులింత వస్తుంది.

ఇప్పుడు వీటికి తోడు వర్ధంతి పాటలు వచ్చి పడ్డాయి. ఇంటి పెద్ద పోయి ఏడాది తిరిగేసరికి ఆయన మీద పాట రాయించాలి, పాడించాలి, దానికి వీడియో చేయించాలి, భోజనాల రోజు ఊరంతా చూసేలా పెద్ద తెర మీద వేయాలి. ఎదురింటివాళ్లు చేశాక మనం చేయకపోతే బాగుంటుందా? పాటలన్నీ ఒకే తీరు. పెద్ద దిక్కు, చల్లని నీడ, తిరిగిరాని దారి. ఫోటోలు మారతాయి, అంతే. ఎవరి చావుకూ నాకు కళ్లలో నీళ్లు రాకుండా పోయాయి. అది మంచిది కాదని తెలుసు గానీ, ఏం చేయను?

ఆ రోజుల్లోనే జమ్మలమడుగు అవతల ఒక పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. పోయింది వాళ్ల నాయన, సేద్యగాడు. పాట పులివెందులలో పాడించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు, నాలుగున్నర నిమిషాలుంది. దానితోపాటు పన్నెండు ఫోటోలు.

"మా అమ్మ ఒకటే అడుగుతాందక్కా" అన్నాడు. "నాయన నవ్వేది ఒక్కసారన్నా కనపడాలంట."

ఫోటోలు చూశాను. పన్నెండింటిలోనూ ఆయన పోలీసు స్టేషన్‌లో సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. ఆ వయసు మగవాళ్లంతా అంతే, కెమెరా కనపడిందంటే మూతి బిగిస్తారు. నవ్వు ఎక్కడి నుంచి తేను? అప్పుడు గుర్తొచ్చింది, ఈ కొడుకు పెళ్లి వీడియోకు మిక్సింగ్ చేసింది నేనేనని. కెమెరాలో తీసింది తీసినట్టుగా పాత హార్డ్ డిస్కులో ఉండాలి. రెండు రోజులు కూర్చుని వెతికాను.

దొరికింది. పెళ్లి భోజనాల దగ్గర వాళ్ల నాయన తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. పక్కనే ఆయన తమ్ముడు, అన్న భుజం మీద చెయ్యేసి చెవిలో ఏదో చెబుతున్నాడు. మేళం మోతలో ఆ మాట వినపడదు. మొత్తం ఆరు సెకన్లు. కెమెరా కొంచెం వణికిందని అప్పట్లో నేనే ఆ ముక్కను తీసిపారేశాను. నా మీద నాకే చిరాకు వేసింది. అంత నవ్వు నవ్వుతుంటే వణుకును చూసింది నేనొక్కదాన్నే.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలి? మొదటి చరణంలోనే 'నీ నవ్వు' అనే మాట వస్తుంది. ఎవరైనా అక్కడే పెడతారు. నేను పెట్టలేదు. పాట చెప్పిందే బొమ్మ కూడా చెబితే చూసేవాళ్లకు పనేమీ మిగలదు. రెండో చరణం అయ్యాక పాడేవాడు ఆగుతాడు, వేణువు ఒక్కటే వినిపిస్తుంది. అక్కడ పెట్టాను. అంతకు ముందంతా బిగిసిన మూతుల ఫోటోలే, చూసేవాళ్ల ఓపిక పోయేదాకా. ఆ తర్వాత ఈ నవ్వు. చాలా ఏళ్లకు నా పని నాకే నచ్చింది.

కొడుకు వచ్చి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"శానా బాగుందక్కా. అయితే మా చిన్నాయన్ను తీసేయ్."

బోరు నీళ్ల దగ్గర మొదలైన తగాదా అట. అన్న బతికుండగానే ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. చావు రోజున కూడా తమ్ముడు వాకిట్లో కాసేపు నిలబడి వెళ్లిపోయాడట.

"ఆయన లేకపోతే ఆ నవ్వు నిలబడదు. నవ్వించిందే ఆయన కదా" అన్నాను.

"ఆయప్ప మొగం తెర మీద పడితే ఊర్లో మా మర్యాద ఏం కావాలక్కా? ఇన్నేండ్లుగా చేస్తాండావు, నీకు తెలీంది ఏముంది?"

వాదించాల్సింది. వాదించలేదు. ఇంకా నాలుగు పెళ్లిళ్లు బల్ల మీద పడి ఉన్నాయి, నడుము నొప్పిగా ఉంది, సరే అన్నాను.

బొమ్మను పెద్దది చేసి దగ్గరికి జరిపితే తమ్ముడు బయటికి పోయాడు. భుజం మీది చెయ్యి మాత్రం పోలేదు. ఇంకా జరిపితే నవ్వే చుక్కలు చుక్కలుగా పగిలిపోయింది. చివరికి అంచులు నల్లగా చేసి, ఆ నలుపులో చేతిని ముంచేశాను. ఇప్పుడు ఆయన ఒక్కడే, ఎందుకో తెలియకుండా నవ్వుతున్నాడు. చూడటానికి భయంగా ఉంది.

మా పనిలో ఒక సంగతుంది. నవ్వే మనిషి తర్వాత వెంటనే ఏ బొమ్మ పెడితే, దాన్ని చూసే నవ్వాడని జనం అనుకుంటారు. కొడుకును పెట్టి చూశాను, ఎగతాళి చేస్తున్నట్టుంది. శనగ చేను పెట్టి చూశాను, అర్థం లేకుండా పోయింది. కొడుకు ఫోన్‌లోంచి పంపిన, మనవడు పుట్టినరోజు కేకు కోసే ముక్క పెట్టాను. ఇట్టే అతికింది. తాత మనవణ్ణి చూసి మురిసిపోతున్నాడు. నిజానికి ఆ నవ్వు నవ్విన రోజుకు ఆ మనవడు పుట్టనే లేదు, వాడి అమ్మానాన్నల పెళ్లి భోజనాలవి. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కొడుకు చూసి, "ఇదీ కావాల్సింది" అన్నాడు.

తెర తెచ్చేవాళ్ల మీద నమ్మకం లేదని, ల్యాప్‌టాప్ తీసుకుని నన్నే రమ్మన్నాడు. వెళ్లాను. పల్లె వీధికి అడ్డంగా షామియానా వేశారు. పట్టపగలు కూడా కనపడే పెద్ద తెర అది. ఎదురిల్లు ఆ తమ్ముడిదే. మిద్దె మీద మెట్ల గది నీడలో కుర్చీ వేసుకుని ఒక్కడే కూర్చున్నాడు. వీడియోలో కంటే బాగా ముసలివాడైనా గుర్తుపట్టాను.

పాట వేశాను. నేను తెరను చూడను, చూసేవాళ్లను చూస్తాను. నవ్వు రాగానే తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. మిద్దె అంచు దాకా వచ్చాడు. ఆ వెంటనే మనవడి కేకు వచ్చింది. కింద జనం, "మనవడంటే పానం ఆయప్పకు" అనుకున్నారు. తమ్ముడు మెట్లు దిగి ఇంట్లోకి వెళ్లిపోయాడు. నాకు సిగ్గేసింది. చెయ్యి వేసినవాడికి ఆ రోజు గుర్తుండదా?

పాట అయ్యాక పోయినాయన భార్య నా దగ్గరికి వచ్చింది.

"పాపా, ఆ నవ్వు పిల్లోన్ని చూసి నవ్వింది కాదు."

నేను ల్యాప్‌టాప్ మూయబోయి ఆగాను.

"వాళ్ల తమ్ముడు పక్కనుంటేనే ఆయప్ప అట్ల నవ్వేది. నా దగ్గర గూడా ఎప్పుడూ అట్ల నవ్వలా. వాన్ని యాడ పెట్టినావు?"

"తీసేశానమ్మా."

"ఉండాడా నీ కాడ?"

"ఉన్నాడు." ముందు చేసిన వీడియో కూడా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. చేసింది చెరిపే అలవాటు నాకు లేదు.

"అయితే అది వెయ్యి."

కొడుకు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఏందిది? ఊరంతా ఉండారు."

"ఉండనీ. వాళ్లిద్దరూ నవ్వింది ఊరంతా చూసిందే గదా."

మళ్లీ వేశాను. బిగిసిన మూతులు ఒకటొకటిగా వెళ్లాయి. వేణువు మొదలైంది. అన్న నవ్వాడు, తమ్ముడు భుజం మీద చెయ్యేసి ఉన్నాడు. అన్నం తింటున్నవాళ్లు చేతులు ఆపి చూశారు. కొడుకు తల వంచుకున్నాడు. ఆమె మాత్రం తెరను చూడలేదు, పాట అయ్యేదాకా మిద్దె వైపే చూస్తూ కూర్చుంది.

మిద్దె మీద ఎవరూ లేరు. ఇంట్లో ఉన్న ఆయనకు పాట వినపడే ఉంటుంది. కానీ పాటలో నేనేమీ మార్చలేదు, ఆయన ఇందాక విన్నదే అది. మారింది బొమ్మ ఒక్కటే.