ఏడో జత

పళ్ళేల బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. రెండు కంచు పళ్ళేలు మనసుకు నచ్చితే గానీ డ్రమ్ముల మీద కర్ర ఆనించడు. ఆ పళ్ళేలు ఆయనకు ఒక పట్టాన నచ్చవు.

ఆ పళ్ళేల జతని హై-హ్యాట్ అంటారు. బ్రహ్మాండమేమీ కాదు. ఒక స్టాండు మీద వెల్లకిలా ఒక పళ్ళెం, దాని మీద బోర్లా ఇంకో పళ్ళెం. కాలితో తొక్కితే కలుసుకుంటాయి, వదిలితే విడిపోతాయి, పాట పొడుగునా చిక్ చిక్ మంటూ లెక్క చెబుతాయి. మిగతా డ్రమ్మర్లు రికార్డింగుకి ఒక జత తెచ్చుకుంటారు. బాబాయి ఏడు జతలు పాత దుప్పట్లో మూటగట్టి తెస్తాడు. కొత్తగా చేరిన వాచ్‌మన్ ఒకసారి ఆయన్ని మెట్ల దగ్గర ఆపి, ఎవరింటి వంటసామాను అని నిలదీశాడు.

ఆ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుకి ఈయనతో పదకొండేళ్ళ పరిచయం. మైకులు పెట్టడం, తీగలు కలపడం, వాయించేవాళ్ళ అలకలు తీర్చడం అన్నీ ఆమె పనే. బాబాయి దగ్గర ఏడు జతలకీ ఏడు చుట్టరికాలున్నాయని ఆమెకు కంఠతా వచ్చు. అన్నిటికంటే మందంగా ఉండేది పెద్దత్తయ్య. స్టేజి మీద ఆవిడకు తిరుగులేదు గానీ, రికార్డింగులో మాత్రం పక్కవాళ్ళ మైకుల్లోకి కూడా దూరి మాట్లాడుతుంది. ఒక్క దెబ్బకి అరనిమిషం సాగదీసేది ఆడపడుచు. ఎలా కొట్టినా ఒకేలా గొణిగేది తోడల్లుడు. గుమాస్తా అని ఇంకోటుంది. పొడిగా, క్లుప్తంగా పలుకుతుంది, గొంతుల జోలికి పోదు. అంచున సన్నటి చీలిక ఉండటంతో తెరుచుకున్నప్పుడల్లా ముక్కు ఎగబీల్చినట్టు చిన్న చప్పుడు చేస్తుంది. వాడికి జలుబు, పట్టించుకోకు అంటాడు బాబాయి.

జత మార్చాలంటే స్టాండూ మూటా పట్టుకుని మూలనున్న చెక్క పార్టిషన్ వెనక్కి వెళ్ళిపోతాడు. అందరి ముందూ మార్చవచ్చు కదా అని అడిగితే, బట్టలు మార్చుకునేవాళ్ళని తొంగిచూస్తామా అని ఎదురడుగుతాడు. లోపల కాసేపు వంటింట్లో పిల్లి పడ్డట్టు చప్పుళ్ళవుతాయి. తర్వాత చెమటలు తుడుచుకుంటూ బయటికొస్తాడు.

ఇంజనీరు వాళ్ళింటికి భోజనానికి వచ్చిన రోజున కూడా ఇదే తంతు. కూర్చోగానే పళ్ళేన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, అంచు బాగుంది గానీ నడుమ గోలగా ఉందని తిప్పి పంపాడు. మూడో పళ్ళెంలో తిన్నాడు. ఆమె అత్తగారు ఇప్పటికీ పెద్దవాళ్ళెవరైనా వస్తే ఆ మూడో పళ్ళేన్నే బయటికి తీస్తుంది. బాబాయి భార్య పెళ్ళయిన ఏడాదికే స్టీలు సామానంతా అటకెక్కించి పింగాణీకి మారిపోయిందట.

ఇలాంటి మనిషిని ఆ రోజు పిలవకుండా ఉండాల్సిందని ఇంజనీరుకి ఉదయం పదింటికే అనిపించింది. పాడాల్సిన గాయని గొంతుకు ఆపరేషనై, మూడేళ్ళ తర్వాత మళ్ళీ మైకు ముందుకు వస్తోంది. సంగీత దర్శకుడికి ముక్కలుగా పాడించి అతికించడం గిట్టదు. అందరూ ఒకేసారి వాయించాలి, పాట ఒకే ఊపులో రావాలి. నాలుగింటికల్లా పాట రాకపోతే రేపు ఇంకో అమ్మాయి చేత పాడిస్తానని ఆయన ఇంజనీరుతో చెప్పేశాడు. అద్దం అవతల నిలబడ్డ గాయనికి ఆ మాట వినిపించలేదు గానీ, ఆయన ముఖం చూసి అర్థం చేసుకుంది. గోరువెచ్చటి నీళ్ళు రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

మొదటిసారి పాట బాగానే ఎత్తుకుంది. చరణంలో పై స్వరం దగ్గరికి వచ్చేసరికి గొంతు నిలువునా చీలింది. దర్శకుడు నోరు తెరిచేలోపే బాబాయి కర్రలు పైకెత్తాడు.

"ఆపండి, తప్పు నాది. పెద్దత్తయ్య నోరు చేసుకుంటోంది. మార్చుకొస్తాను."

పార్టిషన్ వెనక ఇరవై నిమిషాలు పట్టింది. ఈసారి ఆడపడుచును పెట్టానని ప్రకటించాడు. మళ్ళీ అదే చోట గొంతు జారబోయింది, అంతకు అరక్షణం ముందే బాబాయి ఆపేశాడు. ఆడపడుచు దీర్ఘాలు తీస్తోందట. తర్వాత తోడల్లుడు పనికిరాలేదు. ఇంకోదానికి మైకంటే సిగ్గన్నాడు. ఐదోది వచ్చేసరికి దర్శకుడి సహనం చచ్చింది.

"మాస్టారూ, మీరు డ్రమ్ములు వాయించడానికి వచ్చారా, పెళ్ళిచూపులకి వచ్చారా?"

"నచ్చకుండా కాపురం ఎలా చేయమంటారు బాబూ," అని బాబాయి తాపీగా మూట ఎత్తుకున్నాడు.

దర్శకుడి కోపమంతా పళ్ళేల మీదికి మళ్ళింది. గాయని ఉందన్న సంగతే ఆయన మరిచిపోయాడు. ఆరోసారి బాబాయి పార్టిషన్ వెనకనుంచి, అలిగావా తల్లీ అని పళ్ళేన్ని బుజ్జగించడం వినపడి గాయని పకపకా నవ్వింది. ఉదయం నుంచీ బిగుసుకుపోయిన ఆమె భుజాలు అప్పుడు దిగాయి. ఏడోసారి పాట మొదలైంది. పై స్వరం దగ్గర ఇంజనీరు ఊపిరి బిగబట్టింది. గొంతు అక్కడికి ఎక్కి, కాసేపు నిలబడి, హాయిగా దిగింది. అప్పటికి మూడూ నలభై.

దర్శకుడు పొంగిపోయాడు. చూశావా, ఏడో జత పడేసరికి పాట ఎలా కుదిరిందో అని ఇంజనీరుకే పాఠం చెప్పి వెళ్ళాడు.

మర్నాడు ఆమె ఆ ఏడో జత ఏదో రాసిపెట్టుకుందామని నిన్నటి ఏడుసార్ల రికార్డింగూ బయటికి తీసింది. ముందు రోజు ఆమె ప్రాణమంతా ఆ పై స్వరం మీదే ఉంది, ఇంకేదీ చెవికెక్కలేదు. ఇప్పుడు ఏడోసారి పాడినదాంట్లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. గుమాస్తా అన్నమాట, అనుకుంది. మొదటిసారి పాడింది పెట్టింది. పెద్దత్తయ్యకీ జలుబే. ఆడపడుచుకీ జలుబే. ఇంటిల్లిపాదికీ ఒకటే జలుబు.

వెంటనే ఫోన్ చేసింది. "బాబాయ్, నిన్న మీరు ఒక్కసారైనా జత మార్చారా?"

"నాకు గుమాస్తా మొదటే నచ్చాడమ్మా. పాడే ఆవిడకి కాస్త ఊపిరి తీసుకునే తీరిక కావలసి వచ్చింది."

"అయితే మీ పిచ్చంతా అబద్ధమా?"

"పిచ్చి నిజమే. అది ఉంది గనకే అబద్ధం చెల్లుతోంది."

ఫోన్ పెట్టేశాక ఆమెకు తన మొదటి రోజు గుర్తొచ్చింది. పెద్ద మైకు తీగ కలపడం మరిచిపోయి, పాట సగమయ్యాక చూసుకుని, ఎవరికి చెప్పాలో తెలియక అద్దం వెనక నిలువునా నీరైపోయింది. సరిగ్గా అప్పుడే బాబాయి పళ్ళేలు బాగాలేవని పాట ఆపించాడు. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె తీగ కలుపుకుంది. పదకొండేళ్ళుగా దాన్ని తన అదృష్టమనుకుంటోంది. ఆయన మీద ఆమెకు పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది, ఇన్నాళ్ళూ విసుక్కున్నందుకు సిగ్గూ వేసింది.

సాయంత్రం దర్శకుడు ఫోన్ చేశాడు. తర్వాతి పాటకీ ఆ గాయనే కావాలన్నాడు. ఆ పళ్ళేలాయన కూడా రావాలి, కానీ టైము వృథా చేయకుండా నేరుగా ఏడో జతే తెమ్మని చెప్పమన్నాడు.

"అలా కుదరదండీ," అంది ఇంజనీరు. "ముందు ఆరు మారిస్తే గానీ ఏడోది పలకదు."