నలుగురు మోసే బరువు

మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్ అనే పల్లెలో ఒక బావి దగ్గర నన్ను లోపలికి దింపడానికి మోట ఎడ్లను కట్టారు. ఒళ్ళు తగ్గాలన్న ఆలోచన నాకు మొదట పుట్టింది ఆ రోజే. అంతకుముందు పుట్టలేదా అంటే, పుట్టేది, అన్నం తినగానే నిద్రపోయేది.

నా పని బావుల్లోకి దిగడం. నాలుగో తరగతిలో పంతులూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాక, మొయినాబాద్‌లో ఒక ఇంజన్ల మిస్త్రీ దగ్గర చేరి పని నేర్చుకున్నాను. చేవెళ్ల దాకా అన్ని ఊళ్ళలోనూ మోటలు పోయి డీజిల్ ఇంజన్లు వస్తున్న రోజులవి. ఇంజన్ దర్జాగా గట్టు మీద కూర్చుంటుంది, దాని గొట్టం మాత్రం నీళ్ళలోకి దిగుతుంది. గొట్టం కొసన ఉండే ఫుట్‌వాల్వును మా దిక్కు ఫుట్‌బాల్ అంటారు. అందులో ఏ ఆకో కప్పో ఇరుక్కుందంటే నీళ్ళు పైకి రావు. అప్పుడు నన్ను పిలుస్తారు. గిలక మీదుగా మోకు వేసి, మోకు కొసన పీట కట్టి, దాని మీద నన్ను కూర్చోబెట్టి, నలుగురు మనుషులు పట్టుకుని మెల్లగా లోపలికి వదులుతారు.

పెళ్ళికి ముందు ఇద్దరు పట్టుకుంటే సరిపోయేది. పెళ్ళయ్యాక ఇంట్లో నన్ను కన్న అవ్వకూ మా ఆవిడకూ ఎవరి కూర ఎక్కువ తింటానన్న దాని మీద పోటీ మొదలైంది. నేను ఇద్దరికీ అన్యాయం చేయలేదు. రైతులు సరేసరి. ఇంజన్ నడిచిందంటే సంతోషంతో కోడిని కోసేవాళ్ళు, నడవకపోతే నడవాలని కోసేవాళ్ళు. రెండు విధాలా కోడికే నష్టం. నేను సైకిలెక్కితే వెనక చక్రం ఎనిమిదంకెలా వంగిపోయింది. బాగుచేసినవాడు సైకిల్‌ను ఇస్తూ, దీన్ని నడిపించుకుంటూ పో, ఎక్కకు అన్నాడు.

మోకు పట్టేవాళ్ళకు పెద్ద ఒకాయన ఉండేవాడు. నాకంటే వయసులో పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన అరచేతులు తుమ్మ కర్రల్లా గట్టిపడి ఉండేవి. ఆ చేతులతోనే బరువు చెప్పేసేవాడు. నా బరువు రెండు జొన్న బస్తాలు, వాటి మీద ఒక లేగదూడ అని ఆయన లెక్క. ఆ రోజు నలుగురు పట్టినా మోకు జారింది, ఆరుగురు పట్టినా జారింది. ఆఖరికి మూలన పడేసిన మోట కాడిని దులిపి ఎడ్లను కట్టారు. నన్ను దింపాలంటే అవి వెనక్కి నడవాలి. అందులో ఒక ఎద్దు తల తిప్పి నన్నొకసారి చూసింది. మనుషుల చూపులు నేను చాలా భరించాను కానీ, ఆ చూపు మాత్రం మరిచిపోలేను.

పని ముగించుకుని పైకొచ్చాక అన్న మోకు చుట్ట చుడుతూ నెమ్మదిగా అన్నాడు.

"తమ్మీ, ఎవ్వనినన్న సచ్చినంక నలుగురు మోస్తరు. నిన్ను బతికుండంగనే ఎడ్లు మోస్తున్నయి. నలుగురితోని అయ్యేదాక నేనైతె నీకు మోకు పట్ట. తెగితె నీ పెండ్లానికి ఏం జవాబు చెప్పాలె?"

"ఎడ్లకు దాణా నేనే పెడత గదన్నా" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా మాటకు జనం నవ్వకపోవడం అదే మొదలు. అప్పుడు భయమేసింది. మొయినాబాద్‌లో మిస్త్రీ దగ్గర నా తర్వాత చేరిన ఒకడు ఉన్నాడు, ఎండిన మునగకాడలా ఉంటాడు, వాణ్ణి దింపడానికి ఒక్కడున్నా చాలు. నేను దిగకపోతే బావులన్నీ వాడివే. నాకు ఇంకో పని రాదు. గట్టు మీద నిలబెడితే నేను ఉత్త వాగుడుకాయను, బావిలో ఉంటేనే మిస్త్రీని.

అదే సమయానికి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బడులు మూతపడ్డాయి. రోడ్డు మీద బస్సు కనబడితే అద్దాలుండవు, అద్దాలున్న బస్సు రోడ్డు మీద కనబడదు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దిక్కు పనికి పోవాలంటే నడకే గతి. జనమంతా బస్సుల కోసం తిట్టుకుంటుంటే నేను లోపల్లోపల సంతోషించాను. నన్ను నడిపించడానికి ఇంత పెద్ద ఉద్యమం కావలసి వచ్చిందని మా ఆవిడ అంది.

మొదటి రోజుల్లో మొయినాబాద్ అన్న మాట తలుచుకుంటేనే మోకాళ్ళు మొరాయించేవి. కొన్నాళ్ళకు ఒక ఉపాయం తట్టింది. మొయినాబాద్‌కు పోతున్నానని కాళ్ళకు చెప్పకూడదు. ఆ కనబడే కల్వర్టు దాకా అని చెప్పాలి. అక్కడ కూర్చుని చెమట తుడుచుకుని, ఆ పై కల్వర్టు దాకా అని ఇంకో అబద్ధం చెప్పాలి. కాళ్ళకు నాకున్నంత చదువు కూడా లేదు కాబట్టి నమ్మేవి. రాత్రి అన్నం మానేసి ఒక్క జొన్నరొట్టెతో సరిపెట్టుకున్నాను. కల్లు కాంపౌండు ముందు నుంచి పోవలసి వస్తే కళ్ళు మూసుకునేవాణ్ణి, అందువల్ల రెండుసార్లు కాలువలో పడ్డాను.

ఎండలు ముదిరేసరికి నా ప్యాంటు నడుము మీద నిలబడడం మానేసింది. ఇంకేం, ఈ ఊపులో సాగిపోతాననుకున్నాను. అసలు కష్టం అక్కడే మొదలైంది.

మా దిక్కు ఒళ్ళు చేసినవాణ్ణి చూసి "మంచిగైనవ్" అంటారు. తగ్గినవాణ్ణి చూసి "అయ్యో, చిక్కినవ్" అంటారు. మొదటిది పొగడ్త, రెండోది పరామర్శ. నేను చెమటోడ్చి తగ్గించుకున్న ప్రతి పిడికెడు కండకూ ఊళ్ళో ఒకరు వచ్చి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. కావాలనే తగ్గుతున్నానంటే నమ్మేవాళ్ళు కాదు. కావాలని ఎవడన్నా ఇల్లు కూలగొట్టుకుంటాడా అన్నట్టు చూసేవాళ్ళు. మా అవ్వ నాకు టీబీ వచ్చిందని నిశ్చయించుకుంది. దవాఖానకు లాక్కుపోతే డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి ఏమీ లేదన్నాడు. ఏమీ లేదన్నాడంటే చెప్పరానిది ఏదో ఉందని అవ్వ ఇంకా ఏడ్చింది.

ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన పెట్టించింది. అయ్యగారు నన్ను ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ పోగొట్టుకున్న మాంసాన్ని తిరిగి దయచేయమని దేవుణ్ణి వేడుకున్నారు. సంఘమంతా ఆమేన్ అంది. వద్దు ప్రభువా, వద్దు ప్రభువా అని నేను లోపల గొణుక్కుంటున్నాను. అంతమంది ఒకవైపు, నేనొక్కణ్ణి ఒకవైపు. దేవుడు మాత్రం ఎవరి మాట వింటాడు? ఆ సాయంత్రం నుంచే కోడిగుడ్లు, పాయా చారు, నెయ్యి చుట్టిన ముద్దలు మా ఇంటికి నడిచొచ్చాయి. రోగిని చూడవచ్చినవాళ్ళు రోగి తినేదాకా లేవరు. దేవుడు ఆ ప్రార్థన విన్నంత త్వరగా ఇంకేదీ వినలేదు.

ఎవరూ తిండి పెట్టని చోటు ఏదా అని వెతుకుతుంటే చేవెళ్ల సడక్ మీద విద్యార్థుల డేరా కనబడింది. రిలే నిరాహార దీక్ష. పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వరు. ఇంతకంటే మంచి చోటు నాకు రాజ్యంలో దొరకదని పోయి నేనూ కూర్చుంటానన్నాను. డేరా నడిపే పిలగాడు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"అన్నా, ఏమనుకోకు. నిన్ను సూస్తె గవర్నమెంటుకు రేషన్ మస్తుగిస్తున్నమని ధైర్నమొస్తది. జర ఎనక కూసో."

వెనక కూర్చున్నాను. మధ్యాహ్నానికి వాళ్ళ గొంతులు ఎండిపోయి నినాదాలు ఆగిపోతే, నేను ఎద్దు చూపు సంగతి చెప్పాను. ఆకలి మరిచి నవ్వారు. మర్నాడు నన్ను ముందు వరసకు మార్చారు. నాలుగో తరగతి వాణ్ణి, వాళ్ళు అడిగే ఉద్యోగాల్లో ఒక్కటీ నాకు రాదు. అయినా జై తెలంగాణ అని వాళ్ళతో గొంతు కలిపినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అందులో ఉద్యమం వాటా ఎంతో ఆకలి వాటా ఎంతో నేనిప్పటికీ చెప్పలేను.

కానీ డేరా పొద్దుగూకితే మూసేస్తారు. నిమ్మకాయ నీళ్ళు తాగి, మెడలో పూలదండతో ఇంటికొస్తే, దేశం కోసం కడుపు మాడ్చుకున్న కొడుకని అవ్వ పొద్దున్నుంచే కూరలు వండి పెట్టి ఉండేది. పక్కింటివాళ్ళు కూడా తమ వంతు త్యాగంగా తలొక గిన్నె తెచ్చేవాళ్ళు. ఒక్కపూట మానిన పాపానికి మూడు పూటల తిండి. మోకు అన్న దారిలో కనబడినప్పుడల్లా నా చంకల కింద చేతులు పెట్టి, అంగట్లో మేకను చూసినట్టు లేపి చూసేవాడు. దీక్ష అయిపోయిన వారం కూడా లేపాడు.

"లేగదూడ మల్ల వచ్చి చేరిందిరా" అన్నాడు.

దానికి తోడు హిమాయత్‌నగర్ బావికి మునగకాడ వాణ్ణి పిలిచారని అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి, ఇక నా వల్ల కాదని మంచం మీద కూలబడ్డాను. తగ్గితే రోగమంటారు, పస్తుంటే పండగ చేస్తారు, ఇన్ని ఊళ్ళ ప్రేమను నేనొక్కణ్ణి ఎక్కడ తట్టుకుంటాను? అవ్వ కోడి ముక్కలు తెచ్చి ముందు పెట్టింది. ముక్కకు చెయ్యి చాపాను. మా ఆవిడ పళ్ళెం జరిపేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా ముందు నుంచి పళ్ళెం జరిపింది అదొక్కసారే.

"నువ్వు బాయిల దిగుతుంటె నాకు భయమైతుండె. గిప్పుడు దిగవేమోనని భయమైతున్నది" అంది. "నువ్వు ఇంట్ల కూసుంటె నీ జోకులు పొద్దుమాపు నేనొక్కదాన్నే వినాలె. నాతోనైతె గాదు."

తర్వాత అవ్వ వైపు తిరిగి, ఆయనకు నాటు మందు పెట్టించినం, పత్యముండాలె అని చెప్పింది.

పత్యం. ఆ ఒక్క మాట నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు. మా ఊళ్ళలో మనిషి ఒళ్ళు తగ్గించుకుంటున్నాడంటే నవ్వుతారు, పస్తున్నాడంటే ఏడుస్తారు, అదే పత్యం అంటే మాత్రం వణుకుతారు. పత్యం తప్పితే మందు ఎదురు తిరుగుతుంది, పాపం తినిపించినవాళ్ళకు చుట్టుకుంటుంది. ఏం మందని అవ్వ అడిగింది. చెబితే పని చేయదన్నారని మా ఆవిడ చెప్పింది. నాటు మందుకు అది మామూలే కనుక అవ్వ ఇంకేం అడగలేదు. వేపుడు, నెయ్యి, కల్లు, కోడి, రాత్రి అన్నం, ఇవేవీ ముట్టకూడదని మా ఆవిడ వరుసగా చెబుతుంటే, అవ్వ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆ ముక్కల వైపు చూసిన చూపు, ఎద్దు నా వైపు చూసిన చూపు కంటే బాధగా ఉండి ఉంటుంది.

మర్నాటికి ఊరంతా పాకింది. నిన్నటిదాకా గుడ్లు తెచ్చినవాళ్ళే ఇప్పుడు కాపలా కాశారు. పెళ్ళి బంతిలో కూర్చుంటే, ఆయనకు పత్తెం, ఆయనకు పత్తెం అంటూ వడ్డించేవాడు నన్ను దాటుకుంటూ పోయేవాడు. మా అవ్వ నా మీసానికి నూనె కనబడినా వేలితో తుడిచి వాసన చూసేది. ఏ రోజైనా ఓపిక చచ్చిపోయి, పత్యం గిత్యం ఏమీ లేదు, ఒక్క గారె పెట్టండని బతిమాలినా, మందు తలకెక్కి అట్లా మాట్లాడుతున్నాడని పెట్టేవాళ్ళు కాదు. పట్టుదల గురించి నన్నడిగితే నేను చెప్పేది ఇంతే. నాకది ఎప్పుడూ లేదు. ఊరికుంది.

వానలు పడ్డాయి, పోయాయి. బస్సులు మళ్ళీ నడవసాగాయి, కొత్త అద్దాలతో. నేను మాత్రం నడకే. కాళ్ళు ఇప్పుడు అబద్ధాలు అడగడం మానేశాయి. మోకు అన్న లేపి చూసి లేగదూడ పోయిందన్నాడు, ఆ తర్వాత ఒక బస్తా సగానికొచ్చిందన్నాడు. ఒకరోజు లేపి చూసి ఏమీ అనకుండా కిందికి దించి, రేపు పొద్దున బాయికాడికి రా అన్నాడు.

అదే హిమాయత్‌నగర్ బావి. మునగకాడ వాడు బిగించిన ఫుట్‌బాల్ మళ్ళీ గాలి పీలుస్తోంది. నలుగురు మోకు పట్టారు. ఎడ్లు దూరంగా గడ్డి మేస్తున్నాయి, నేను వాటి వైపు చూడలేదు. పీట మీద కూర్చున్నాక, బావి అంచు దాటి కాళ్ళు గాలిలో ఊగినప్పుడు, మోకు ఒక్క పోగు కూడా జారకుండా సాఫీగా దిగింది. కింద చల్లగా ఉంది, ఎన్నాళ్ళో అయింది ఆ చల్లదనం తగిలి. నడుం లోతు నీళ్ళలో నిలబడి, పానాతో వాల్వు విప్పి, అరిగిన తోలు తీసి కొత్తది వేసి బిగించాను. మధ్యలో పై నుంచి జై తెలంగాణ అని వినబడింది, ఏదో ఊరేగింపు సడక్ మీద పోతున్నట్టుంది. పని అయిపోయాక మోకును లాగి సైగ చేశాను. పీట పైకి లేచింది.

గట్టు మీదికి తల రాగానే చూస్తే, మోకు పట్టుకుని ముగ్గురే ఉన్నారు. నాలుగోవాడు లేడు. నా గుండె మళ్ళీ బావిలో పడింది.

"నాలుగోడేడీ?" అన్నాను.

"గా ఊరేగింపు సూసి ఉర్కిండు. నువ్వు దిగినంక" అన్నాడు అన్న.

"మరి నన్నెవలు వట్టిండ్రు? నా పాణం మీకు తమాషనా?"

"ముగ్గురం పట్టినం. సాలినం" అని అన్న అరచేతులు చూసుకున్నాడు. ఎర్రబడలేదు కూడా.

ముగ్గురు. తిట్టే బదులు వాళ్ళను మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాను. ఇంజన్ తిప్పితే నీళ్ళు ఎగిరి కాలువలో పడ్డాయి. రైతు ఏదో అంటున్నాడు, నాకు వినబడలేదు. అన్న మోకు చుట్ట చుట్టబోయాడు.

ఆగన్నా, పానా కిందనే మర్చిన, మల్లొక్కసారి దింపుండ్రి అన్నాను. ముగ్గురూ విసుక్కుంటూ మోకు అందుకున్నారు. పానా నా జేబులోనే ఉంది.