పెద్దమ్మ ద్రాక్షతీగ మెడకు బైండింగ్ వైరు

ఎదురు ఖోలీ పెద్దమ్మ, అంటే మా ఎదురు గదిలో ఉండే ఆమె, పోయింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. వరుస గదుల మా చాల్ అంతా కదిలొచ్చి ఏడ్చింది. ఆమె మంచితనం గురించి మీకు నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను గానీ, ఒళ్లు మండిపోతోంది.

బొంబాయి కామాటిపురలో మా చాల్ గ్యాలరీ పొడుగునా పాకిన ద్రాక్షతీగ ఆమెదే. పెళ్లికి ముందు హైదరాబాదు పక్క ద్రాక్షతోటల్లో కూలి చేసిందట. మిల్లుల సమ్మె నడిచిన ఏడు ఊరికెళ్లి కొమ్మముక్క తెచ్చి, కింద నల్లా పక్కన నాటింది. పాత చీరలు చింపి, ఆ పేలికలతో తీగను వేలు దూరేంత వదులుగా కట్టేది. పొద్దున పూట ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.

“ఇప్పుడు నీళ్లు తాగి బిర్రుగున్నదే. ఎండపొద్దుకు మెత్తబడ్తది, అప్పుడు మెల్లగ వంచు. ఇయ్యాల వంగకుంటే రేపు వంగుతది,” అనేది నాతో.

పురుగు పట్టిందని ఒకాయన నాగ్‌పాడా నుంచి మందు తెస్తే, “మన పోరగాళ్లు తినే పండ్లురా! ఇషం కొడ్తవా?” అని తిట్టి పంపింది. వేపపిండి తడిపి తీగ మొదలు దగ్గర పోసింది. చేపలు కడిగిన నీళ్లూ తీగకే. ఆ కంపుకు నేను ముక్కు మూసుకుంటే పకపకా నవ్వేది. గుత్తులు దిగితే ప్రతి ఖోలీకీ పంపేది.

ఇక నా కోపం సంగతి. దినాలకు చుట్టాలొస్తారని, తీగ చిందరవందరగా కనబడితే పెద్దమ్మకు పరువు తక్కువని పై ఖోలీ మేస్త్రీ మామకు తోచింది. జీవితమంతా కట్టే మేడల చుట్టూ కర్రల పరంజీలు కట్టిన మనిషి. వదులు ముడి చూస్తే ఆయనకు చేతులు దురదపెడతాయి. పొద్దున్నే పేలికలన్నీ కోసేసి, సలాకలు కట్టే బైండింగ్ వైరుతో తీగను కటకటాలకు బిగించేశాడు. రెండు పెద్ద కొమ్మలు ఫటుక్కున విరిగాయి. మిగతావాటి బెరడులోకి వైరు దిగింది.

“ఎంత పని చేసినవ్ మామా! ఉరి పెట్టినట్టున్నది!” అని అరిచాను.

“గట్టిగుంటదని కట్టిన బిడ్డా. పరంజీ ఊగితే మనిషి సస్తడు గద.”

“ఇది పరంజీనా? ఇన్నేండ్లు పండ్లు తిన్నవ్. ఆమె ఎట్ల కడ్తదో ఒక్కపారన్న సూసినవా?”

ఆయనొక్కడేనా? చాల్‌లో ఆ పండ్లు తినని నోరు లేదు. ఆ నోళ్లే “మస్తు నీటుగుంది” అని మెచ్చుకున్నాయి. ఒక్కరూ ఆపలేదు. ఎట్లా క్షమించను?

వైరు కత్తిరించే పక్కడ్ తెచ్చి ఒక్కో కట్టూ తెంపాను. తీగ బరువంతా ఒక్కసారి కిందికి జారబోతే మామ ఉరికొచ్చి భుజం ఆనించాడు.

“దించాల్నా బిడ్డా?”

“దించితే మొదలుకంటా విరుగుతది. ఎండెక్కేదాంక కదలకు.”

చుట్టాలొచ్చారు, పలకరించారు. ఆయన ఆకుల్లో తల ఇరికించుకుని, మెడ పక్కకు వంచి, చెమటలు కారుతున్నా తుడుచుకోకుండా అట్లాగే నిలబడ్డాడు. నాకు జాలి కలగలేదు.