ఇంగువ డబ్బాలో స్టిరాయిడ్ గోలీలు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎలాంటిదో సూర్యాపేటలో ఎవరినడిగినా చెబుతారు. అదే నోటితో సొంత చెల్లెల్ని కోదాడ దవాఖానలో సెలైన్ బాటిల్ కింద పడుకోబెట్టిన సంగతి మాత్రం వాళ్లకు తెలియదు. వినండి. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ పూట నవ్వు రాలేదు.

ముందు మా అత్తమ్మ మోకాళ్ల గురించి చెప్పాలి. పాలకీడులో ఉన్నప్పుడు ఆమె ఆర్‌ఎంపీ దగ్గర ఏదో సూది వేయించుకుని లేడిపిల్లలా నడిచేది. అది స్టిరాయిడని నేను కనిపెట్టాను. ఎకనామిక్స్ లెక్చరర్‌ని, నాకు తెలియని సబ్జెక్టుంటుందా? చుట్టాలంతా కూర్చున్న ఒక సీమంతంలో, విస్తరి ముందే ఉపన్యాసం దంచాను. స్టిరాయిడంటే విషం, ఎవరిచ్చినా విషమే, మా గడప తొక్కనివ్వనని. సూది బందైంది. ఆ రోజు అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని నన్ను చూసిన చూపు గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తర్వాత దేవుడు తీరిగ్గా నా పేగు వైపు చూశాడు. అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపల పుండ్లు, రక్తంతో విరేచనాలు. నా చెల్లెలు సుధకు అప్పటికే ఈ రోగముంది. పుట్టింటి నుంచి మా ఇద్దరికీ తగాదా లేకుండా సమానంగా దక్కిన ఆస్తి ఇదొక్కటే. క్లాసులో పాఠం చెబుతూ నేను తలుపు వైపే చూసేదాన్ని. పిల్లలు నాకంటే ముందే పుస్తకాలు సర్దేవారు.

సూర్యాపేటలో తెలిసినవాళ్లు చూస్తారని మిర్యాలగూడ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. మామూలు గోలీలతో తగ్గట్లేదు, స్టిరాయిడ్ వాడాలన్నాడు. నేను కొంగు బిగించి వాదనకు దిగాను. పాపం, ఓపికగానే చెప్పాడు. పుండ్లు పేగు చివరనే ఉంటే ఎనిమా సరిపోయేదట, నాకు పైదాకా పాకాయట. ఎక్కువగా పేగులోనే పనిచేసి ఒంటికి తక్కువగా అంటుకునే రకం ఒకటుందట గానీ, నా రోగం తీవ్రతకు అది చాలదట. కాబట్టి ప్రెడ్నిసొలోన్ గోలీలే, అవీ రోగం అణిగేదాకానే. ఆ తర్వాత వేరే మందు.

"మధ్యల ఆపేస్తే ఏమైతది?" అన్నాను.

"నడిచే బస్సులకెల్లి దుంకుతరా అమ్మా? ఇవి వాడినన్ని దినాలు ఒళ్లు సొంతంగ స్టిరాయిడ్ తయారుచేసుకునుడు బంద్ జేస్తది. నేను చెప్పినట్టు కొద్దికొద్దిగ తగ్గించుకుంట దిగాలె."

ఓడిపోయాను. చెప్పేవి శ్రీరంగ నీతులు, మింగేవి స్టిరాయిడ్ గోలీలు. కానీ ఏ ముఖం పెట్టుకుని ఇంట్లో మింగను? అత్తమ్మకు ఇంగువ వాసన పడదు, ఆ డబ్బా ముట్టదు. గోలీలు అందులో దాచాను. రోజూ పొద్దున్నే గోలీ మింగితే చారు తాగినట్టుండేది.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ నాకు దానిమ్మ తొక్కల కషాయం మొదలుపెట్టింది. కాదనలేక తాగాను. రక్తం ఆగింది, ఆకలి పుట్టింది, ముఖం పూరీలా పొంగింది. పూరీని చూసి అత్తమ్మ పొంగింది. తన కషాయం మహిమ పాలకీడు నుంచి కోదాడ దాకా ఫోన్లలో పారించింది.

ఒకరోజు కోదాడ నుంచి సుధ ఫోన్ చేసింది. తనూ అవే గోలీల మీద ఉంది. వాటివల్ల గుండ్రంగా ఉబ్బిన ముఖం చూసుకుని ఏడుస్తోంది.

"అక్కా, నిజం చెప్పు. ఉత్త కషాయంతోనే తగ్గిందా? గోలీలేం వేసుకోలేదా?"

ఎదురుగా అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చేతులు కాయల మీద, చెవులు నా మీద.

"ఉత్త కషాయమేనే," అన్నాను.

అంతే. నా పరువు నిలిచింది. వారం తిరక్కుండా సుధ భర్త, మా మరిది, ఫోన్ చేశాడు.

"వదినా, సుధ లేస్తే కళ్లు తిరిగి పడిపోతుంది. వాంతులు, మళ్లీ రక్తం. దవాఖానకు తీసుకొచ్చాం. ఏమేం వాడిందని డాక్టర్ అడుగుతున్నారు. మీ కషాయంలో ఏమేస్తారో చెప్పండి."

 పక్కనే మళ్లీ చిక్కుడుకాయలతో అత్తమ్మ, అటువైపు చెల్లెలి ప్రాణం. ఆ క్షణంలో కూడా, సిగ్గులేకుండా, వేరే దారుందా అని వెతికాను. లేదు.

"కషాయం సంగతి ఇడిసిపెట్టు. సుధ నా మాట నమ్మి స్టిరాయిడ్ గోలీలు ఒక్కసారే ఆపేసింది, ముందు డాక్టర్‌కు గా మాట చెప్పు. నాకు తగ్గింది గూడ గా గోలీలతోనే."

అత్తమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కకు తోసి చెప్పులు వేసుకుంది.

కోదాడ దాకా బస్సులో అత్తమ్మ పక్కనే కూర్చుని నా పూరీ ముఖాన్నే చూసింది. తిట్టినా బాగుండేది.  సుధకేమైనా అయితే మా అమ్మకు ఏం చెప్పాలో ప్రతి మైలురాయి దగ్గరా ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు.

వెళ్లేసరికి నరంలోకి స్టిరాయిడ్ ఎక్కిస్తున్నారు. సాయంత్రానికి బీపీ నిలబడింది. సుధ కళ్లు తెరిచి నన్ను చూసి, "అక్కా, నీ ముఖం కూడా అచ్చం నా ముఖంలాగే ఉందే, నాకు ముందే తెలియాల్సింది," అంది. నేను ఏడ్చాను. అది నవ్వింది.

అప్పుడు నోరు విప్పింది అత్తమ్మ.

"స్టిరాయిడ్ విషమంటివి. నువ్వేమో ఇంగువ డబ్బాల దాసుకొని పున్నమి సంద్రునోలె అయితివి. మరి నా మోకాళ్లేం పాపం జేసినయ్, లెక్చరరమ్మా?"

  మరుసటి వారం నోరు మూసుకుని ఆమెను ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. పరీక్ష చేసి, ఒక సూది వేయొచ్చన్నాడు, తరచుగా మాత్రం కుదరదన్నాడు. అది ఏం సూది అని నేనడగలేదు. అత్తమ్మే అడిగింది, నాకు వినబడేలా, రెండుసార్లు.

అందుకని ఇంగువ డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నేను మింగిన గోలీ ఘనత ఇక ఏ కషాయానికీ కట్టబెట్టను, డాక్టర్ దిగమనేదాకా ఏ బస్సూ దిగను, ఎవరినీ దిగనివ్వను. సీమంతాల్లో ఉపన్యాసాలూ ఇవ్వను. అత్తమ్మ ఇస్తోంది.