గుమ్మడికాయ పగిలిన చోటు

మా నాయన పెనుకొండలో ఒక ఇరుకు బజారు వీధిలో రవికెలు కుట్టేవాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే జరిగినదాంట్లో సగం తప్పు ఆయనదే. మిగతా సగం ఎవరిదో ఆ మనిషిని మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు. క్షమించమని నాకు నీతులు చెప్పినవాళ్లనూ క్షమించలేదు.

మా అంగడి లోతు ఎనిమిదడుగులు. మిషన్ గడప పక్కనే, వీధికి ఎదురుగా ఉండేది. నాయన కాలు పెడల్ మీద, కన్ను వీధి మీద. దారిన పోయే ఆడమనిషి భుజం దగ్గర కుట్టు లాగుతోందంటే అక్కడి నుంచే పిలిచేవాడు. "ఏమ్మా, ఆ చెయ్యి బిగుతుగా ఉండాది. వచ్చేటప్పుడు ఈడ ఇచ్చిపో, ఇప్పి కుట్టిస్తా." అది ఇంకొకరు కుట్టిన రవికె అయినా సరే. అలా పిలిపించుకున్నవాళ్లు మళ్లీ వేరే అంగడికి పోయేవాళ్లు కాదు. ఆయన వ్యాపారమంతా ఆ చూపులోనే ఉండేది.

మాకు సరిగ్గా ఎదురుగా పట్టుచీరల అంగడి. దాని యజమాని ధర్మవరం నుంచి చీరలు తెచ్చి అమ్మేవాడు. చీర ఆడ, రైక ఈడ అని చుట్టుపక్కల పల్లెల్లో అనుకునేవాళ్లు. చీర పొట్లం కట్టించి ఇచ్చాక ఆయన గడప మీదికి వచ్చి "ఏమప్పా, పంపిస్తాండా!" అని అరిచేవాడు. నాయన చెయ్యెత్తేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. అయినా ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ని పెదనాయనా అనే పిలిచాను. నోరారా పిలిచాను, అదే ఇప్పుడు ఒళ్లు మండేది.

వీధికి అటొకటి ఇటొకటి పాతకాలపు రాతిస్తంభాలు రెండుండేవి. ఏ రాజు నాటించాడో ఎవరికీ పట్టలేదు. పెనుకొండలో అలాంటి రాళ్లకు కొదవా? మా వైపుది మా అంగడి ముందు, వాళ్ల వైపుది వాళ్ల అంగడి ముందు. దసరాకి ఆ రెండింటికీ అడ్డంగా తాడు కట్టి, దానికి మామిడాకులూ బంతిపూలూ గుచ్చేవాళ్లం. తాడు ఏటా ఒకటే. పసుపు పూసిన ఆ నులక తాడు మా రేకుపెట్టెలో ఉండేది. దాన్ని సగానికి మడిచి, మడత దగ్గర నాయన ఒక ఎర్రగుడ్డ ముడి వేసేవాడు. ఆ ముడి కిందే, వీధి నడిమధ్యన, బూడిద గుమ్మడికాయ పగలగొట్టాలి. అటు అంగళ్ల దిష్టీ ఇటు అంగళ్ల దిష్టీ సమానంగా పోవాలి గదా. ఒక జానెడు అటూ ఇటూ అయితే ముసలోళ్లు ఊరుకునేవాళ్లు కాదు.

ఎదురంగడాయన ముందు ఒక తడిక వేశాడు, ఎండకని. మరుసటేడు తడిక కింద బండలు పరిచాడు. ఆ పై ఏడు రేకులొచ్చాయి, తర్వాత గోడ, తర్వాత షట్టరు. ఐదేళ్లలో ఎనిమిదడుగులు వీధిలోకి వచ్చాడు. వాళ్ల వైపు రాతిస్తంభం అంగడి లోపలికి పోయింది. దానికి పలకలు కొట్టి నిలువుటద్దం బిగించాడు. చీరలు భుజాన వేసుకుని పెళ్లికూతుళ్లు చూసుకున్నది ఆ అద్దంలోనే. తాడు రెండో కొసని స్తంభానికి బదులు ఏటా ముందుకొచ్చిన తడిక గుంజకు, చివరికి షట్టరు కొక్కేనికి కట్టేవాళ్లు.

ఏటేటా తాడు వదులైపోతూ వచ్చింది. దర్జీ కన్ను గదా, నాయనకు తోరణం వేలాడితే గిట్టదు. కొస బిగించి కట్టేవాడు. అప్పుడు ఎర్రముడి మధ్యలోకి రాదు. అందుకని ముడి విప్పి, మళ్లీ మడిచి, కొత్త మధ్యలో వేసేవాడు. గుమ్మడికాయ అక్కడ పగిలేది. అలా ఏడాదికింత చొప్పున, ఐదేళ్లలో నాలుగడుగులు, వీధి నడుము మా గడప వైపు నడిచొచ్చింది. నడిపించింది మా నాయన చేతులే.

"ఎందుకు వదులైతాండాది నాయనా?" అని ఒకసారి అడిగాను.

"పాత తాడు గదమ్మా, సాగింటాది" అన్నాడు.

బట్టతో బతికిన మనిషి అన్న మాట అది. వానకు తడిసి ఎండకు ఆరిన తాడు కుంచించుకుంటుందే గానీ సాగదని ఆయనకు తెలియదా? తెలుసు. కానీ ఎదురుగా రోజూ పలకరించే మనిషిని అనుమానించడం కంటే తాడును అనుమానించడం ఆయనకు సులువైంది.

తొంభైల మధ్యలో వీధి వెడల్పు చేస్తామని కొలతలవాళ్లు వచ్చారు. వీధి నడుము నుంచి రెండు పక్కలా సమానంగా కొలిచి గీత గీస్తారు. నడుము ఎక్కడ అని అడిగారు. ఎదురంగడాయన ముందుకొచ్చి, నేల మీద ఇంకా పోని కుంకుమ మరక చూపించాడు.

"ఇంగ యాడుంటాది సారూ? దసరాకి గుమ్మడికాయ కొట్టేది నడిమధ్యనే గదా. కావాలంటే ఈయప్పనే అడగండి, ముడేసేది ఈయప్పే."

నాయన తల ఊపాడు. "అవు సార్, ఆడే" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, ఆ మాట నా చెవులతో విన్నాను.

సిసలైన నడుము నుంచి కొలిస్తే మాకు పోయేది ఒక్క అడుగు. గుమ్మడికాయ నుంచి కొలిచేసరికి ఐదడుగులు పోయింది. ఎదురంగడాయనకూ ఐదడుగులు పోయింది. కాకపోతే అవి వీధి నుంచి తిన్న ఎనిమిదిలోంచి. ఇంకా మూడడుగులు, స్తంభంతో సహా, ఆయన షట్టరు వెనకే ఉండిపోయాయి. గోడ కొట్టేసిన రోజు మా గడప దగ్గరికి వచ్చి నాయన భుజం మీద చెయ్యేశాడు. "ఏం చేస్తామప్పా, నీకూ ఐదే, నాకూ ఐదే. ఇద్దరం సమానం" అన్నాడు. నాయన కళ్లు తుడుచుకున్నాడు, ఆయన్ని ఓదార్చాడు కూడా.

మిగిలిన మూడడుగుల్లో మిషన్ ముందు పెడితే దాని వెనక మనిషి దూరే సందు లేదు. కాబట్టి మిషన్ని వెనక గోడకు ఆనించి, స్టూలు గడప అంచున వేసుకున్నాడు. అంటే వీపు వీధికి, మొహం గోడకి. ముప్పై ఏళ్లు వీధిని చూస్తూ కుట్టిన మనిషి సున్నం చూస్తూ కుట్టడం మొదలుపెట్టాడు. ఎవరైనా వస్తే మెడ తిప్పి పలకరించాలి. దారిన పోయేవాళ్ల భుజాలు ఆయనకిక కనిపించలేదు.

ఏడాది తిరక్కుండానే ఎదురంగడాయన సొంతంగా ఒక దర్జీని పెట్టుకున్నాడు. ఒకనాడు కొత్తచెరువు నుంచి వచ్చిన తల్లీకూతుళ్లకు చీర చూపిస్తూ, నేను గడప మీద ఉన్నానని చూడకుండా, "వీధికి ఈపు పెట్టి కూసునేవాని దగ్గర ఏం కుట్టిస్తారమ్మా, ఈడే ఇచ్చిపోండి" అన్నాడు. వీపు పెట్టుకున్నది నాయన కాదు, పెట్టించింది నువ్వు అని అరవాలనిపించింది. ఆ రోజు నుంచి పెదనాయనా అనడం మానేశాను.

ఆ దసరాకి తాడు కట్టలేదు. ఎదురంగడాయన కరెంటు బల్బుల తోరణం తెప్పించాడు. నేను రేకుపెట్టె తెరిచి తాడు విప్పి చూశాను. ఎర్రగుడ్డ రంగు వానకు దిగి, ముడి వేసిన ప్రతి చోటా తాడు మీద మరక పట్టుకుంది. నడుమ దగ్గర మొదలై ఒకదాని పక్కన ఒకటి, ఆరు మరకలు మా కొస వైపు జరుగుతూ పోయాయి. మొదటిది దొంగతనానికి ముందుది, మిగతా ఐదూ ఏడాదికొకటి. తాడు మళ్లీ చుట్టేశాను. నాయనకు చూపించలేదు. చూపిస్తే ఆయన ఎదురంగడాయన్ని తిట్టడు, తన వేళ్లనే తిట్టుకుంటాడు.

నాకు ధర్మవరంలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. తాడును పాత చీరలో చుట్టి నాతో తీసుకుపోయాను. బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఎనిమిదేళ్లు రోజూ బియ్యం కొలిచేటప్పుడు అది కనిపించేది. కోపం చల్లారుతుందని అంటారు గానీ, నాకు మాత్రం పూటపూటా వేడి చేసుకునే వీలుండేది.

రెండువేలు దాటాక మా వీధికి జనం రావడం తగ్గింది. పెద్ద బేరాలకు హిందూపురం పోతున్నారు, చిన్నవాటికి బస్టాండు దగ్గర కొత్త అంగళ్లున్నాయి. వీధిని బాగు చేయాలని అంగళ్లవాళ్లే అర్జీ పెట్టుకున్నారు. సిమెంటు రోడ్డు, మూతలున్న కాలవలు, రెండు పక్కలా నడిచేవాళ్లకు రోడ్డు కంటే ఎత్తుగా మెట్టబాట. ఒక ఆదివారం పొద్దున వీధిలోనే షామియానా వేసి అందరినీ కూర్చోబెట్టారు. కొత్తగా వచ్చిన ఇంజనీరు నడుము ఎక్కడ అని అడుగుతాడని నాకు తెలుసు. ప్యాసింజరు రైలెక్కి, సంచిలో తాడుతో దిగాను.

ఆయన అడిగాడు. ఎదురంగడాయన లేచాడు. మళ్లీ అదే గుమ్మడికాయ, అదే నడిమధ్య. ఆయన మాట అయ్యేదాకా ఆగాను. ఆ ఆగడంలో ఉన్న రుచి నేను దాచుకోను.

"సార్, ఈ వీధికి కొలత ఉండాది" అని తాడు తీశాను. ఒక కొసను మా ముందు, వెడల్పులో పీకకుండా వదిలేసిన స్తంభానికి, రాతిలో అరిగిన గాడిలో కట్టాను. రెండో కొస పట్టుకుని వీధి దాటాను. షట్టరు దగ్గరికి వచ్చేసరికి తాడు ఇంకా మిగిలే ఉంది. లోపలికి నడిచాను.

"యాడికి పోతాండావు?" అన్నాడు ఎదురంగడాయన.

"మీ అద్దం దాకా పోవల్ల, అయ్యా."

"అది మేము దూలానికి వేయించిన కంబం!"

"అట్లయితే తాడు సరిపోదు లెండి" అన్నాను.

అద్దం వెనక పలక సందులోంచి తాడు చుట్టి లాగాను. కొస ముడి రాతి గాడిలో కూర్చుంది. తాడు బిగిసి నిలిచింది, ఒక వేలెడు కూడా మిగల్లేదు. ఇంజనీరు వచ్చి పలక ఊడదీయించాడు. రాయి బయటపడింది, మా రాతి మీదున్న పువ్వే దాని మీదా ఉంది. తర్వాత ఆయన వీధిలో నిలబడి తాడు మీది ఆరు మరకల్ని వేలితో ఒక్కొక్కటే తాకుతూ నడిచాడు. మొదటి మరక కింద సున్నంతో గీత గీయించాడు. ముసలోళ్లు ఒక్కొక్కరే "అవునప్పా, ఈడే కొట్టేవాళ్లం" అనడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లూ ఆ నోళ్లన్నీ ఏమయ్యాయో అడగలేదు. ఎదురంగడాయన మొహం చూడటమే నాకు పనైపోయింది. కడుపు నిండా చూశాను.

నెల తిరిగేలోగా వాళ్ల అంగడి నాలుగడుగులు కొట్టేశారు, వీధి నుంచి తిన్నదాంట్లో మిగిలిన మూడూ, మాలాగే మొదట్లోనే పోవాల్సిన సొంతది ఒకటీ. ఆ అద్దం పగిలింది. మా వైపు గడప ముందు నాలుగడుగుల మెట్టబాట వచ్చింది. అది మాది కాదు, నడిచేవాళ్లది. అయినా స్టూలు గోడ వైపుకు, మిషన్ గడప మీదికి జరపడానికి ఇప్పుడు వీలుంది. వచ్చేవాళ్లు మెట్టబాట మీద నిలబడి కొలతలిచ్చిపోవచ్చు. సెలవు పెట్టి వచ్చి, నా చేతులతోనే మిషన్ని వీధి వైపు తిప్పాను. నాయన్ని కూర్చోబెట్టాను. నేను ఇన్నేళ్లూ కోరుకున్నది ఈ ఒక్కటే. ఆయన మొహం మళ్లీ వీధి వైపు ఉండాలి.

పొద్దునంతా కుట్టాడు. మధ్యాహ్నం నేను అన్నం తీసుకుని వెళ్లేసరికి మిషన్ మళ్లీ గోడకు ఆని ఉంది. ఒక్కడే జరుపుకున్నాడు, నడుం పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం నాయనా?"

"ఎదురుగా ఆయప్ప కూసోనుండాడమ్మా" అన్నాడు. "గోడ లేదు, అద్దం లేదు, ఊరికే నా దిక్కు చూస్తా. ఆ మొగం ముందర పెట్టుకొని నేనెట్ల కుట్టేది?"

వీధి అవతల చూశాను. పగలగొట్టిన ఇటుకల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు ఆయన. జాలి పడమని ఎవరైనా అంటారేమో, నాకు రాలేదు. చూడు, ఇంకా చూడు అనుకున్నాను. కానీ చూడాల్సిన మనిషి నేను కాదు. నేను సాయంత్రం రైలెక్కి ధర్మవరం పోయేదాన్ని. ఆ మొహానికి ఎదురుగా పొద్దస్తమానం కూర్చోవాల్సింది నాయన. మిషన్ తిప్పేటప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు.

ఇప్పుడు మా వీధి బాగుంది. సిమెంటు రోడ్డు, దీపాలు, పల్లెల నుంచి వచ్చేవాళ్లకు కూర్చోవడానికి బండలు. నాయన మాత్రం పోయేదాకా గోడ వైపు తిరిగే కుట్టాడు. నేను తెచ్చిన నాలుగడుగుల్లో రవికెలకు వచ్చినవాళ్లు చెప్పులు విడిచేవాళ్లు.