కోర్డోబాలో తెరిచిన తలుపులు

2006లో ఒక శనివారం టకానినిలో ఆక్లాండ్ సిటీకి వెళ్ళే రైలెక్కి, దక్షిణ స్పెయిన్ మ్యాపు ఒళ్ళో పరుచుకున్నాను. సెప్టెంబరులో కారు అద్దెకు తీసుకుని సెవిల్, కోర్డోబా, గ్రనాడా చూడాలని మావారూ నేనూ ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాం.

పక్క సీట్లోని పెద్దావిడ కోర్డోబా మీద వేలు పెట్టింది.

"నేనిక్కడే పుట్టాను. నలభై ఏళ్ళయింది చూసి," అంది ఇంగ్లీషులో. రైలు మెల్లగా ఊగుతుంటే ఆమె మాటలూ అలాగే సాగాయి. "మే నెలలో మా వీధిలో తలుపులు తెరిచి పెడతారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా లోగిట్లోకొచ్చి పూలు చూసి వెళ్తారు. గోడల నిండా కుండీలే. మా అమ్మ పొడుగాటి కర్రకు డబ్బా కట్టి పైవాటికి నీళ్ళు పోసేది."

మా పక్కింటివాళ్ళ పేరైనా నాకు తెలియదు.

"మీ ఇల్లెక్కడో చెప్పండి, ఫొటో తెస్తాను," అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఎప్పుడో అమ్మేశాం. తలుపు తెరిచి ఉన్న ఏ ఇంట్లోకైనా వెళ్ళు. నా కోసం కాసేపు నిలబడు."

ఇంటికెళ్ళగానే మావారితో, "సెప్టెంబరు వద్దండీ, మేలో వెళ్దాం," అన్నాను.

వెళ్ళాం. తెరిచి ఉన్న మొదటి ఇంట్లోనే, ఒకావిడ కుర్చీ జరిపి కూర్చోమని సైగ చేసింది. ఎవరి కోసం వచ్చానో చెప్పడానికి నాకు స్పానిష్ రాదు. చాలాసేపు నిలబడే ఉన్నాను.